కర్త లేని వాక్యము: ఇంగ్లీషు ‘ఇట్’ కథ, అరకు కొండల సాక్ష్యము

అరకు లోయ విశాఖపట్టణమునకు సుమారు 115 కిలోమీటర్ల దూరమున, తూర్పు కనుమల నడుమ, సముద్రమట్టమునకు దాదాపు 900 మీటర్ల ఎత్తున ఉన్నది. 2022వ సంవత్సరము వరకు విశాఖపట్టణము జిల్లాలో ఉండిన ఈ ప్రాంతము ఇప్పుడు పాడేరు కేంద్రముగా ఏర్పడిన అల్లూరి సీతారామరాజు జిల్లాలో చేరినది. సంతనాడు అక్కడ నిలబడి చెవియొగ్గినవారికి ఒక్క బేరములోనే రెండు మూడు భాషలు వినబడును. పసుపు అమ్మునామె తనవారితో కూవిలో మాటాడును. పొరుగూరివానితో ఆదివాసీ ఒరియాలో బేరమాడును. పల్లమునుండి వచ్చిన వర్తకునితో తెలుగులో లెక్క తేల్చుకొనును. తట్టను ఒక చంకనుండి మరొక చంకకు మార్చుకొన్నంత సులువుగా ఆమె భాషను మార్చును.

ఆమె బిడ్డ ఉన్నత పాఠశాలలో ఇంగ్లీషు వాచకము తెరచును. అందులో “ఇట్ ఈజ్ డిఫికల్ట్ టు క్లైంబ్ ది హిల్” అను వాక్యము కనబడును. “కొండ ఎక్కుట కష్టము” అని ఉపాధ్యాయుడు అర్థము చెప్పును. కొండ ఎక్కుట ఎంత కష్టమో ఆ బిడ్డకు ఒకరు చెప్పనక్కరలేదు. కాని వాక్యము మొదట నిలిచిన ‘ఇట్’ ఏమిటి? ‘ఇట్’ అనగా ‘అది’ అని క్రింది తరగతిలో నేర్చియున్నాడు. అది అనగా ఏది? కొండయా, ఎక్కుటయా, మరియొకటియా? “ఆ మాటకు ఇక్కడ అర్థము లేదు, ఊరక ఉండును” అను సమాధానమే తరచుగా దొరకును.

ఈ సమాధానము సగమే నిజము. అర్థము లేని మాటయైనచో తీసివేయవచ్చును గదా! తీసివేసినచో ఇంగ్లీషు వాక్యము నిలువదు. అంతకన్న పెద్ద చిక్కు మరొకటి కలదు. ఇంగ్లీషులో ఉన్నది కనుక ‘ఇట్’ ప్రతి వాక్యమునకును కావలసిన అంగమనియు, అది లేని తన యింటి భాషలో ఏదో కొరత యున్నదనియు ఆ బిడ్డ అనుకొనవచ్చును. ‘ఇట్’ మానవుని ఆలోచనకు అవసరమైన మాటయా, లేక ఒక భాషకు కాలక్రమమున అలవడిన అలవాటా? ఇంగ్లీషు చరిత్రను, మన కొండభాషలను ప్రక్కప్రక్కన పెట్టి చూచినచో ఈ ప్రశ్నకు సమాధానము దొరకును.

‘ఇట్’ ఎట్లు వచ్చినది?

వేయి సంవత్సరములకు పూర్వపు ఇంగ్లీషును ప్రాచీనాంగ్లము అందురు. ఆ భాషలో నామములకు విభక్తి ప్రత్యయములుండెను. ఎవడు కర్త, ఎవడు కర్మ అను సంగతిని పదము చివర చూచి తెలిసికొనుటకు వీలుండెను. తెలుగులో ‘రాముడు రావణుని చంపెను’ అన్నను, ‘రావణుని రాముడు చంపెను’ అన్నను అర్థము చెడదు. ప్రాచీనాంగ్లములోను పదముల స్థానమునకు ఇట్టి స్వేచ్ఛ చాలవరకు ఉండెను.

ఆ భాషలో కర్త లేని క్రియలు అనేకములు. ఆకలి వేయుట, సిగ్గు కలుగుట, విచారము కలుగుట, నచ్చుట, తోచుట—ఇట్టి వానిని చెప్పునపుడు అనుభవించు మనుష్యుని కర్తగా నిలుపక, ‘నాకు’, ‘నన్ను’ అను రూపములో చెప్పుచుండిరి. షేక్స్పియర్ (1564–1616) నాటకములలో కనబడు ‘మీథింక్స్’ అను మాట దాని అవశేషమే. అందులోని ‘మీ’ అనగా ‘నాకు’. ‘థింక్స్’ అనునది ‘ఆలోచించు’ అను క్రియ కాదు. ‘తోచు’ అను అర్థముగల వేరొక క్రియ. ప్రాచీనభాషలో ఈ రెండును వేర్వేరుగా ఉండి, తరువాత ఉచ్చారణలో కలిసిపోయినవి. కావున ‘మీథింక్స్’ అనుటకు మన ‘నాకు తోచుచున్నది’ అక్షరాల సరిపోవును.

విభక్తి ప్రత్యయములు క్రమముగా అరిగిపోసాగెను. 1066లో నార్మనులు ఇంగ్లండును జయించిన తరువాతి శతాబ్దములలో ఈ అరుగుదల త్వరపడెను. ప్రత్యయములు పోయిన తరువాత వాటి పనిని పదముల స్థానము చేయవలసి వచ్చెను. క్రియకు ముందున్నది కర్త, వెనుకనున్నది కర్మ అను నియమము గట్టిపడెను. దీనివలన రెండు మార్పులు జరిగెను.

మొదటిది: ‘రాజుకు పండ్లు నచ్చినవి’ అనువంటి వాక్యములో ‘కు’ పోయి, క్రియకు ముందు ‘రాజు’ మాత్రము మిగిలెను. క్రియకు ముందున్నవాడే కర్త అని వినువారు భావించిరి. ‘పండ్లు రాజుకు నచ్చినవి’ అను భావము ‘రాజు పండ్లను ఇష్టపడెను’ అను భావముగా మారెను. నేడు ఇంగ్లీషులో ‘ఐ లైక్’ అని ‘నేను’ కర్తగా చెప్పుట ఇట్లు వచ్చినదే. డెన్మార్కు దేశపు భాషాశాస్త్రవేత్త ఒట్టో జెస్పర్సన్ (1860–1943) ఈ మార్పును విశదముగా వివరించెను.

రెండవది: కర్తయే లేని చోట ఆ స్థానము ఖాళీగా ఉండుటకు భాష ఒప్పుకొనలేదు. వాన కురియుటను చెప్పు వాక్యములలో పూర్వమే వాడుకలో నున్న ‘హిట్’ అను నపుంసక సర్వనామమును తెచ్చి ఆ ఖాళీలో నిలుపుట ఎక్కువాయెను. ఆ ‘హిట్’ మొదటి హల్లు పోయి ‘ఇట్’ అయినది. ఇంగ్లీషులో ‘ఇట్ ఈజ్’ అన్నచో చెప్పుట. ‘ఈజ్ ఇట్’ అన్నచో అడుగుట. స్థానమే ఇంత పని చేయు భాషలో ఆ స్థానమును పట్టియుంచుటకు ఒక మాట ఉండితీరవలెను.

బస్సు రాగానే కిటికీలోనుండి తువాలు విసరి చోటు పట్టుకొనుట మనమెరిగినదే. తువాలు ప్రయాణికుడు కాదు. కాని అది ఊరక పడియున్నదియు కాదు. వెనుక ఒకడు వచ్చుచున్నాడని అది తెలుపును. ‘ఇట్’ చేయు పని ఇదియే. వాక్యములో వెనుకగా వచ్చు ‘టు క్లైంబ్ ది హిల్’ అనునదే అసలు ప్రయాణికుడు.

‘టు’, ‘ఫర్’, ‘దట్’

వెనుకగా వచ్చు ఈ ఉపవాక్యమునకు ఇంగ్లీషులో ముఖ్యముగా మూడు గుర్తులున్నవి.

‘టు’ అనునది మొదట ‘కు’ అను అర్థమిచ్చు విభక్త్యర్థకమే. ప్రాచీనాంగ్లములో ‘టు’ తరువాత వచ్చు క్రియారూపమునకు నామమువలెనే విభక్తి ప్రత్యయము చేరెడిది. అనగా ‘టు క్లైంబ్’ వంటి రూపము మొదట మన ‘ఎక్కుటకు’ వంటిది. తరువాత ప్రత్యయము రాలిపోయి, ‘టు’ ఒక్కటియే క్రియకు అంటుకొని మిగిలెను.

‘ఫర్’ కథయు ఇట్టిదే. “ఇట్ ఈజ్ గుడ్ ఫర్ ఎ మాన్ టు వాక్” అను వాక్యమును ‘మనుష్యునికి మంచిది, నడచుట’ అని విరువవచ్చును. ‘మంచిది, మనుష్యుడు నడచుట’ అనియు విరువవచ్చును. పూర్వము మొదటి విరుపే ఉండెను. రెండవ విరుపు అలవడిన పిదప “ఇట్ ఈజ్ నెసెసరి ఫర్ ది రెయిన్ టు స్టాప్” అను వాక్యముకూడ సాధ్యమయ్యెను. ఇక్కడ అవసరము వానకు కాదు. వాన నిలుచుట మనకు అవసరము. ‘ఫర్’ తన పాత అర్థమును విడిచి, ఉపవాక్యపు కర్తను చూపు గుర్తుగా మారినది.

‘దట్’ మొదట ‘అది’ అని చూపు సర్వనామము. పిదప వాక్యములను కలుపు మాట అయినది. దీనితో విద్యార్థులకు ఒక చిక్కు కలుగును. “ఇట్ ఈజ్ ట్రూ దట్ హి గోస్ టు స్కూల్” అను వాక్యములో ‘గోస్’ అని ఉన్నది. “ఇట్ ఈజ్ నెసెసరి దట్ హి గో టు స్కూల్” అను వాక్యములో ‘గో’ అని మాత్రమే ఉన్నది. ఇది అచ్చుతప్పు కాదు. మొదటి వాక్యము జరుగుచున్న సంగతిని చెప్పుచున్నది. రెండవది జరుగవలసినదానిని కోరుచున్నది. కోరిక, ఆజ్ఞ, సంకల్పము తెలుపుటకు ప్రాచీనాంగ్లములో వేరుగా ఉండిన క్రియారూపములకు ఈ ‘గో’ వారసత్వము. అమెరికాలో 20వ శతాబ్దమున ఇది బాగుగా వ్యాప్తి చెందినది. బ్రిటనులో ఇదే తావున ‘షుడ్ గో’ అనుటయు పరిపాటి.

కావున ఈ వాక్యములలో విశేషణమే తాళపుచెవి. ‘ట్రూ’, ‘క్లియర్’ వంటివి సంగతిని నిర్ధారించును. వాటి వెనుక ‘దట్’ వచ్చును, క్రియ మామూలుగా ఉండును. ‘ఈజీ’, ‘డిఫికల్ట్’ వంటివి పనియొక్క సులువును, కష్టమును చెప్పును. వాటి వెనుక ‘టు’ వచ్చును. ‘నెసెసరి’, ‘ఇంపార్టెంట్’ వంటివి జరుగవలసినదానిని చెప్పును. వాటికి రెండు దారులును గలవు.

తెలుగు పద్ధతి

తెలుగువారు ఈ పనినంతయు ‘ఇట్’ లేకయే నడుపుదురు. ‘నాకు ఆకలి వేయుచున్నది’, ‘నాకు పాట నచ్చినది’, ‘నాకు తోచుచున్నది’ అను వాక్యములు ప్రాచీనాంగ్లపు పద్ధతికి దగ్గర చుట్టములు. విశేషణమునకు బదులు తెలుగు తరచుగా ఒక చిన్న క్రియను ఉపయోగించును. ఎక్కవలెను, ఎక్కవచ్చును, ఎక్కకూడదు, ఎక్కరాదు, ఎక్కతగదు అను రూపములను చూడుడు. మొదటి భాగము ‘ఎక్కన్’ అను తుమర్థకము. రెండవ భాగము ఒక క్రియ. ‘వలయు’ అనగా కావలసియుండుట. ‘వచ్చు’ అనగా వచ్చుట. ‘కూడు’ అనగా కలియుట, పొసగుట. ఇంగ్లీషువారు ‘నెసెసరి’, ‘పాసిబుల్’, ‘ఇంప్రాపర్’ అను విశేషణములతో చెప్పునది మనము ఈ క్రియలతో చెప్పుచున్నాము. వాడుక మాటలో ‘ఎక్కాలి’ అని కుదించినను కథ అదే.

ఇవి కర్త లేని క్రియలని తెలియుటకు ఒక సులభమైన పరీక్ష కలదు. ‘నేను ఎక్కితిని, నీవు ఎక్కితివి, వారు ఎక్కిరి’ అని మామూలు క్రియ పురుషనుబట్టి మారును. ‘నేను ఎక్కవలెను, నీవు ఎక్కవలెను, వారు ఎక్కవలెను’ అనునపుడు క్రియ కదలదు. వాక్యములో ‘నేను’ ఉన్నను క్రియ దాని మాట వినుట లేదు.

మరియొక వింత ‘కొండ ఎక్కుట మంచిది’ అను వాక్యములో దాగియున్నది. ‘మంచిది’ అనగా ‘మంచి’, ‘అది’ అను రెండింటి కూడిక. ఇంగ్లీషువాడు వాక్యము మొదట పెట్టిన ‘అది’ మన వాక్యములో చిట్టచివర విశేషణమునకు తోకగా అంటియున్నది. ఐనను అది చోటు పట్టుటకు వేసిన తువాలు కాదు. తెలుగులో ఉపవాక్యము ముందే వచ్చి కూర్చుండును; చోటు పట్టవలసిన పనియే లేదు.

ఇక ‘దట్’ చేయు పనిని మన ‘అని’ చేయును. అది ‘అను’ అను క్రియనుండి వచ్చినది. ‘చెప్పి’ అని దాని మూలార్థము. ‘అతడు బడికి పోవుచున్నాడని నిజము తెలిసినది’ అన్నపుడు ఎవ్వరును ఏమియు అనకపోవచ్చును. మాట మాత్రము మిగిలినది. ఇంగ్లీషు చూపుడు మాటను వంతెనగా చేసికొన్నది. తెలుగు చెప్పుడు మాటను చేసికొన్నది.

కొండలలో మూడు కుటుంబములు

తెలుగు ఒక్కదానినే చూచినచో ఇది మన భాషకు ప్రత్యేకమైన చమత్కారమని అనుకొందుము. తూర్పు కనుమలలోనికి పోయినచో సంగతి విశాలమగును. ఇక్కడ మూడు భాషాకుటుంబములు ఒకదాని ప్రక్కన ఒకటి కాపురమున్నవి.

కూబి అని కూడ పిలువబడు కొండభాష, కూవి భాష ద్రావిడ కుటుంబములోనివి. ఇవి తెలుగు మాండలికములు కావు. తెలుగు, గోండీ, కుయి, కూవి, కొండ, పెంగో మొదలగునవి ఒక తల్లి బిడ్డలు. భాషాశాస్త్రము వీటిని దక్షిణ మధ్య ద్రావిడ శాఖగా లెక్కించును. కావున కూవి మాటాడు బాలుడు తెలుగు బడిలో కూర్చున్నపుడు తన భాషకు తోబుట్టువైన భాషను నేర్చుచున్నాడు. సవర భాష ముండా కుటుంబములోనిది. సీతంపేట, పర్లాకిమిడి ప్రాంతపు కొండలు దానికి ఆటపట్టు. గదబలలో ఒక విచిత్రము కలదు: ఒకే పేరుగల జనులలో కొందరి భాష ముండా, కొందరి భాష ద్రావిడము. సంతలలో అందరిని కలుపు ఆదివాసీ ఒరియా ఆర్యకుటుంబములోనిది.

వంశములు వేరైనను ఈ మూడు కుటుంబముల భాషలలోను క్రియ వాక్యము చివర వచ్చుట సామాన్యము. ఇరుగుపొరుగు భాషలు ఒకదాని లక్షణములు మరొకటి అలవరచుకొని ఒక ప్రాంతపు పోలికను పొందునని ఎం. బి. ఎమెనో (1904–2005) 1956లో భారతదేశమును గూర్చి వ్రాసిన ప్రసిద్ధ వ్యాసములో నిరూపించెను. ఈ కొండలు దానికి చక్కని నిదర్శనము.

ఆకలిని చెప్పు తీరును చూడుడు. ద్రావిడ భాషలలో అనుభవించువాడు ‘కు’ ప్రత్యయముతో నిలుచును. ఒరియాలోను ‘నాకు ఆకలి తగులుచున్నది’ అను తీరుననే చెప్పుదురు. ముండా భాషల మార్గము కొంచెము వేరు. సంతాలీ, ముండారీ, సవర భాషలలో ఆకలి, జబ్బు వంటివానిని చెప్పునపుడు కర్మను తెలుపు పురుషప్రత్యయమే క్రియకు చేరి అనుభవించువానిని చూపును. ‘నేను ఆకలిగొంటిని’ అని కాక, ‘నన్ను ఆకలిగొన్నది’ అన్నట్లుండును. వేయేండ్ల క్రిందటి ఇంగ్లండులోని రైతు ఆకలిని చెప్పిన తీరును ఇదియే.

వాక్యములను కలుపుటయందును ఇట్టి పోలికయే. తెలుగులో ‘అను’ ధాతువునుండి ‘అని’ వచ్చినట్లు, సవరలో ‘చెప్పు’ అను అర్థముగల ‘గామ్’ ధాతువునుండి పుట్టిన రూపము ఆ పని చేయును. ద్రావిడ కుటుంబము, ముండా కుటుంబము వేర్వేరు చోట్ల పుట్టి ఒకే ఉపాయమును పట్టినవి.

ఇంగ్లీషు కొలబద్ద

ఈ సంగతులు గ్రంథములకు ఎక్కిన చరిత్ర తెలిసికొనదగినది. 1856లో రాబర్టు కాల్డ్వెల్ ద్రావిడ భాషల తులనాత్మక వ్యాకరణమును ప్రకటించినపుడు కుయి భాషను ‘కు’ అను పేరుతో అందులో చేర్చెను. 1894లో మొదలై 1928లో ముగిసిన జార్జి గ్రియర్సన్ భారతభాషా సర్వేలో 179 భాషలు, 544 మాండలికములు లెక్కింపబడెను. కాని మద్రాసు రాజధాని ఆ సర్వే పరిధిలో చేరలేదు. విశాఖ మన్యము అప్పుడు మద్రాసు రాజధానిలో ఉండుటచే గ్రియర్సన్ కొలువు ఈ కొండల అంచువద్దనే ఆగినది. ముండా, ద్రావిడ భాషలకు కేటాయించిన 4వ సంపుటము నార్వే పండితుడు స్టెన్ కోనో సమకూర్పగా 1906లో వెలువడెను.

భాషలను పోల్చుటకు ఆ సర్వేలో ఒక ఉపాయము పన్నిరి. బైబిలులోని తప్పిపోయిన కుమారుని కథను ప్రతి భాషలోనికి తర్జుమా చేయించి తెప్పించిరి. ఆ కథ ముగింపున తండ్రి పెద్దకుమారునితో, మనము సంతోషించుట తగియున్నదని చెప్పును. 1611 నాటి ఇంగ్లీషు బైబిలులో ఈ మాట ‘ఇట్’తో మొదలై, ‘మీట్’ అనగా ‘యుక్తము’ అను విశేషణముతో, ‘దట్’ ఉపవాక్యముతో సాగును. మనము చర్చించుచున్న నిర్మాణమే అది! మూలమైన గ్రీకులోనో ‘ఇట్’ వంటి మాట లేదు. రెండు తుమర్థకములు ముందు వచ్చును. ‘వలసియుండెను’ అను అర్థముగల కర్త లేని క్రియ వెనుక వచ్చును. అనగా గ్రీకు వాక్యపు అమరిక మన ‘సంతోషింపవలసియుండెను’ అనుదానికి దగ్గరది. ‘ఇట్’ ఇంగ్లీషువారు తమ భాషకొరకు చేర్చుకొన్నది. ఇంగ్లీషునుండి పదమునకు పదము పెట్టి తర్జుమా చేయువాడు అక్కరలేని ‘అది’ని కొండభాషలోనికి ఈడ్చుకొని వచ్చును. భాష తెలిసినవాడు దానిని ఏటి ఒడ్డుననే విడిచిపెట్టును.

ఇంగ్లీషు కొలబద్ద తెచ్చిన చిక్కు కూవి నిఘంటువులలో స్పష్టముగా కనబడును. షుల్ట్‌జె అను మిషనరీ 1911లో కూవి వ్యాకరణమును, 1913లో పదకోశమును ప్రకటించెను. అదే 1913లో ఫిట్జెరాల్డు అను మరొక రచయిత కూవి భాషపై వేరొక గ్రంథము వెలువరించెను. ఇంగ్లీషులో క్రియను ‘టు ఈట్’ అని తుమర్థకముగా పేర్కొనుట ఆచారము. కూవిలో దానికి సరియగు రూపమేది? ఫిట్జెరాల్డు ‘తింజలి’ అని వ్రాసెను. షుల్ట్‌జె ‘తింజినై’ అని వ్రాసెను. ఒకే భాష, ఒకే క్రియ, రెండు తలమాటలు! ఇంగ్లీషు ‘టు’కు సరిపోవు ఒకే గుర్తును కూవిలో వెదకుటవలన వచ్చిన తేడా ఇది. తరువాతి భాషాశాస్త్రవేత్తలు ఈ తగవును వేరుగా తీర్చిరి. ‘తిన్’ అను ధాతువునే తలమాటగా తీసికొనిరి. 1961లో వెలువడిన బరో, ఎమెనోల ద్రావిడ వ్యుత్పత్తి నిఘంటువులో పాత రూపములను వాటి సేకర్తల పేర్లతో సహా నిలిపిరి. ఆ సేకర్తల శ్రమ వృథా పోలేదు. కొలబద్ద మాత్రము మారినది.

సవర భాషకు ఆ సేవ చేసినవారు గిడుగు వేంకటరామమూర్తి పంతులుగారు (1863–1940). వారు 1880లో పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో ఉపాధ్యాయులైరి. సంతకు దిగివచ్చు సవరల మాట చెవిని బడి, ఆ భాష నేర్వవలెనను పట్టుదల వారికి కలిగెను. తెలుగును సవరను ఎరిగిన ద్విభాషి సాయముతో అక్షరము లేని ఆ భాషను వినికిడిచేతనే నేర్చుకొనిరి. సవర పిల్లలకు సవరలోనే చదువు చెప్పు బడులను స్వంత ఖర్చుతో నడపిరి. వారి సవరభాషా వ్యాకరణ గ్రంథము 1931లోను, ఇంగ్లీషు–సవర నిఘంటువు 1933లోను, సవర–ఇంగ్లీషు నిఘంటువు 1938లోను వెలువడెను. తెలుగులో వాడుకభాషకై పోరాడినవారును వారే. నోటిమాటకు దానిదైన వ్యాకరణము కలదని సవరల నోట విని నేర్చిన మనుష్యుడు, తెలుగువారి నోటిమాటకును అట్టి వ్యాకరణము కలదని వాదించుటలో ఆశ్చర్యమేమున్నది?

పిమ్మట పని విశ్వవిద్యాలయములకు చేరినది. స్టాన్లీ స్టారోస్టా 1967లో అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయమునకు సవర వాక్యనిర్మాణముపైననే సిద్ధాంతగ్రంథము సమర్పించెను. భద్రిరాజు కృష్ణమూర్తిగారు (1928–2012) అరకు ప్రాంతపు కొండదొరల నోట విని సేకరించిన కథలు, వ్యాకరణము, పదకోశము కలిపి వ్రాసిన కొండభాషా గ్రంథము 1969లో హైదరాబాదులోని గిరిజన సాంస్కృతిక పరిశోధన శిక్షణ సంస్థ పక్షమున వెలువడెను. మొదట జనుల కథలను వారి మాటలలోనే వ్రాసికొనుట, పిదప ఆ వాక్యములనుండి నియమములను తీయుట—ఇది ఆ గ్రంథపు పద్ధతి. ఇంగ్లీషు వాక్యమును ముందు పెట్టి దీనికి మీ భాషలో ఏమందురని అడుగుటకన్న ఇది ఎంతో వేరైన దారి.

బడిలో

గిడుగువారు స్వంత ఖర్చుతో చేసిన ప్రయత్నము ఎన్నో దశాబ్దములు గడచిన తరువాత ప్రభుత్వ కార్యక్రమముగా కొంత ఫలించినది. 2004లో అవిభక్త ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము సవర, కొండ, కూవి, ఆదివాసీ ఒరియా, కోయ, గోండీ, కొలామీ, బంజారా అను ఎనిమిది భాషలలో మాతృభాషామూలకమైన ప్రాథమిక విద్యను ప్రారంభించెను. ఆ వాచకములు తెలుగు లిపిలో వెలువడెను. మొదట ఇంటిభాష, పిదప తెలుగు, ఆపైన ఇంగ్లీషు అను మెట్లు అందులోని ఆశయము.

ఉన్నత పాఠశాలలో ఇంగ్లీషు చెప్పు ఉపాధ్యాయునికి ఈ చరిత్ర ఉపకరించును. “ఇట్ ఈజ్ డిఫికల్ట్ టు క్లైంబ్ ది హిల్” అను వాక్యము వచ్చినపుడు, కొండ ఎక్కుట కష్టమను సంగతిని మీ ఇంటిలో ఎట్లు చెప్పుదురని ముందుగా పిల్లలనే అడుగవచ్చును. కూవి బిడ్డ ఒక తీరున, సవర బిడ్డ ఒక తీరున, ఆదివాసీ ఒరియా బిడ్డ ఒక తీరున చెప్పుదురు. నల్లబల్లపై తెలుగు లిపిలో ఆ వాక్యములను ఒకదానిక్రింద ఒకటి వ్రాసినచో క్రియ ఎక్కడ నున్నది, పని పేరు ఎక్కడ నున్నది, ‘అది’ అను మాట ఉన్నదా లేదా అను సంగతులు పిల్లలే పట్టుకొందురు. అప్పుడు ఇంగ్లీషు వాక్యమును వాటి ప్రక్కన వ్రాసినచో ‘ఇట్’ ఒక్కటే వింతగా నిలుచును. ఆ వింతకు కారణము చెప్పుటకు ఉపాధ్యాయునికి అదే సరియైన సమయము.

పిల్లలు “ఈజ్ డిఫికల్ట్ టు క్లైంబ్” అని ‘ఇట్’ను విడిచి వ్రాసినపుడు దానిని దిద్దవలసినదే. కాని అది మందబుద్ధివలన జరిగిన తప్పు కాదని ఎరిగి దిద్దవలెను. కర్త అక్కరలేని చోట కర్తను పెట్టని భాషలో ఆ బిడ్డ పెరిగినాడు. ప్రాచీనాంగ్లములో అట్టి వాక్యములు చెల్లెను; గ్రీకులో చెల్లెను; తెలుగులో నేటికిని చెల్లుచున్నవి. ప్రత్యయములను పోగొట్టుకొన్న ఇంగ్లీషు ఆ లోటును పూడ్చుకొనుటకు ‘ఇట్’ను తెచ్చుకొన్నది. తెలుగు వంటి భాషలకు దాని అవసరము కలుగలేదు.

సాయంకాలము బడి విడిచిన పిదప ఆ బిడ్డ ఇల్లు చేరుటకు కొండ ఎక్కవలసియే యుండును. ఆ మాటను ఇంటివద్ద తన భాషలో చెప్పుటకును, మరునాడు బడిలో ఇంగ్లీషున వ్రాయుటకును నడుమ నున్న దూరము ఒక్క ‘ఇట్’ మాత్రమే. ఆ దూరము ఎట్లేర్పడినదో తెలిసిన బిడ్డకు దానిని దాటుట కష్టము కాదు.